గాజుల పెట్టెలో కంప్యూటర్

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుండగా మా బస్సు రేడియేటర్‌కు ఆవేశం వచ్చింది. డ్రైవర్ బండిని పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, ఆవిరిని చూస్తూ బీడీ ముట్టించాడు. ప్రయాణికులు దిగి దొరికిన నీడను పంచుకున్నారు. కోతులు మా సంచుల పంపకం గురించి చెట్ల మీద సభ పెట్టాయి. నేను పిట్టగోడ మీద కూర్చోగానే ఒక మనిషి వచ్చి, నమస్తే లేదు, సలాం లేదు, నా చేతిలో గొడుగు పెట్టాడు.

"జర పట్టు కాకా. ఎండకు తెర కనబడ్తలేదు."

నలభై దాటిన మనిషి. గోరింటాకు రంగు గడ్డం. భుజానికి పట్టీతో వేలాడే పాత చెక్కపెట్టె. గాజులమ్ముకునేవాళ్లు ఊరూరా మోసుకు తిరిగే పెట్టె అది, చూడగానే పోల్చుకున్నాను. దాన్ని గోడ మీద పెట్టి మూత ఎత్తాడు. మూత లోపలివైపు, గాజులు బేరమాడే ఆడవాళ్లు మొహం చూసుకునే అద్దం ఉండాల్సిన చోట, పాత ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసిన తెర బిగించి ఉంది. గాజుల వరుసలుండాల్సిన చోట కీబోర్డు. దాని కింద పేకముక్కల డబ్బా అంత పచ్చటి బోర్డు, ఫోన్లకు పెట్టుకునే పవర్ బ్యాంకు, రకరకాల రంగుల వైర్లు.

"గీ బోర్డే కంప్యూటర్ కాకా. మొత్తం గింతే. మిగిలిందంత నా దిమాక్."

కంప్యూటర్ అనేది పుట్టినప్పుడు ఒక పెద్ద హాలంత ఉండేదని ఎక్కడో చదివాను. దాన్ని అరచేతిలో పట్టేలా చేయడానికి దేశదేశాల పండితులు తలలు నెరిసేదాకా పనిచేశారు. ముకర్రం, అదే అతని పేరు, ఒక్కడే ఇంట్లో కూర్చుని దాన్ని మళ్లీ పెట్టెంత చేశాడు. ఇదంతా మోయడానికి అనువుగా ఉండాలని.

"దుకాణంలో ల్యాప్‌టాప్‌లు అమ్ముతారు కదయ్యా," అన్నాను.

"కొన్నది కొన్నోనిది. చేసింది చేసినోనిది," అన్నాడు. ఈ మాటను అతను ముందే తయారుచేసి పెట్టుకున్నాడని, అడిగేవాడి కోసమే ఎదురుచూస్తున్నాడని అర్థమైంది.

బస్సు చల్లబడేలోగా అతని కథ మొత్తం చెప్పేశాడు. కరీంనగర్ మనిషి. తల్లి బిస్మిల్లా బీ చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో ఈ పెట్టెతోనే గాజులమ్మింది. కుర్రతనంలో ముకర్రం ఈ పెట్టెను ముట్టుకోవడానికే సిగ్గుపడ్డాడు. కంప్యూటర్ ఉద్యోగమని షార్జా వెళ్లాడు. నిజంగా కంప్యూటర్ ఉద్యోగమే. ఒక గోదాములో కంప్యూటర్ల అట్టపెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. తిరిగొచ్చి అక్క మొగుడు వాహెద్ పెట్టిన ఫ్లెక్సీల దుకాణంలో చేరాడు. అక్కడ వాహెద్‌ది తిరిగే కుర్చీ, ముకర్రంది స్టూలు. డిజైన్లన్నీ స్టూలు మీదే అయ్యేవి. గిరాకీలొచ్చి మెచ్చుకునేది కుర్చీని.

కరీంనగర్ సంగతి తెలియనివాళ్లకు ఫ్లెక్సీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. అక్కడ పుట్టినరోజుకు మనిషి ఊళ్లో లేకపోయినా ఫర్వాలేదు. ఫ్లెక్సీ లేకపోతే మాత్రం పుట్టనట్టే లెక్క. పెళ్లికీ, చావుకీ, కొత్త ట్రాక్టరుకూ, పాత నాయకుడు కొత్త పార్టీలో చేరడానికీ ఫ్లెక్సీయే. అందులో విషయం ఒక మూల ఉంటుంది. మిగతా జాగా అంతా చుట్టాల మొహాలు. ఎవరి మొహం ఎవరి పక్కన, ఎవరిది ఎవరికన్నా గోరంత పెద్దగా ఉందన్న దాని మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నేను చూశాను. రాజ్యాల సరిహద్దుల కోసం జరిగిన యుద్ధాల గురించి పుస్తకాలున్నాయి. ఫ్లెక్సీల మీద ఇంకా ఎవరూ రాయలేదు.

ముకర్రం కనిపెట్టిందేమంటే, గిరాకీ దుకాణానికి వచ్చి, కూర్చుని, మొహాలన్నీ సర్దించుకుని ఊరికి పోతాడు. అక్కడ పెద్దల్లుడు అలుగుతాడు. గిరాకీ మళ్లీ బస్సెక్కుతాడు. అదేదో డిజైనరే మిషన్ భుజానికేసుకుని వాకిట్లోకి పోతే, అలిగేవాళ్లంతా కళ్లముందే ఉంటారు, పని ఒక్క పూటలో తేలిపోతుంది. ఈ ఆలోచన బావకు చెప్పాడు.

"ఏమన్నాడు?"

"'నువ్వు చెయ్యివి, నేను దిమాక్‌ని. చెయ్యికి ఐడియాలు రావద్దు' అన్నడు. లేచొచ్చిన. వస్తుంటే ఎనుక నుంచి, 'స్టూలు ఆడనే ఉంటది, ఎవ్వరికియ్య' అన్నడు కాకా. అందరి ముందట." కాసేపు కోతులను చూశాడు. "ఇయాల్టిది మొదటి పని. ఇది నడిస్తే నాది నేను బతుకుత. నడువకుంటే ఆ స్టూలే."

ఆ మొదటి పని బోథ్ అవతల ఒక ఊళ్లో, కొమురెల్లి అనే రైతు ఇంట్లో. చొప్పదండిలో బిడ్డనిచ్చాడు కాబట్టి ఆయన అటు వచ్చినప్పుడు వాహెద్ దుకాణంలో ఒకసారి ముకర్రం చేతే ఫ్లెక్సీ చేయించాడు. ఇప్పుడు మనవడికి దోతుల ఫంక్షన్, అంటే పిల్లవాడికి మొదటిసారి దోతి కట్టి చుట్టాలందరికీ భోజనం పెట్టే వేడుక. నాకు ఆదిలాబాద్‌లో ఎవరూ ఎదురుచూడటం లేదు. పైగా గొడుగు నా చేతిలోనే ఉండిపోయింది. బోథ్ క్రాస్ రోడ్డు దగ్గర అతనితో పాటు దిగిపోయాను.

కొమురెల్లి వాకిట్లోకి అడుగు పెట్టామో లేదో, ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ మూగారు.

"ఎర్రయి ఉన్నయా? మట్టిగాజులు?"

"గాజులు లేవమ్మా. కంప్యూటర్."

"కంప్యూటరైతె గాజుల పెట్టె ఎందుకు మోస్తున్నవయ్యా, ఆశ వెట్టనీకా?" అని ఒకామె కసిరి లోపలికి పోయింది.

కొమురెల్లి తల్లి లస్మవ్వ మాత్రం పోలేదు. ఎనభై దాటిన మనిషి. కర్ర ఆనించుకుని, వంగి తెరలోకి చూసింది. "మంచిగున్నది. మోస్తె భుజం నొస్తది, దించితె కండ్లు నొస్తయి," అని తీర్పు చెప్పింది.

పని మొదలైంది. చుట్టాల ఫోటోలు ఫోన్లలోంచి వైరు ద్వారా పెట్టెలోకి దిగుతున్నాయి. పైవరుసలో ఒక నాయకుడు ఉండాల్సిందేనని పెద్దల్లుడు శ్యాంసుందర్ పట్టుబట్టాడు. ఇతను చొప్పదండిలో యువనాయకుడు. ఆ యువకత్వం పాతికేళ్లుగా నడుస్తోంది. తెర మీదికి నాయకుడొచ్చాడు. కొమురెల్లి, భార్య, కొడుకు, కోడలు, అల్లుళ్లు, వియ్యంకులు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. చుట్టాల సంఖ్య పది దాటగానే తెర మీద బాణం గుర్తు చక్రంలా మారి, రెండు చుట్లు తిరిగి, ఆగిపోయింది.

"ఆలోచిస్తుంది," అన్నాడు ముకర్రం.

ఆర్పి మళ్లీ వెలిగించాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఇంకోసారి చేశాడు. ఈసారి ఇంకా ముందే ఆగింది.

"గీ మేనమామ ఫోటో వెట్టినప్పుడే ఆగుతుంది," అన్నాడు శ్యాంసుందర్. "మిషన్‌కు గూడ తెలిసింది ఆయన సంగతి."

కొమురెల్లి నవ్వలేదు. "మీ బావ దుకాణంల గిట్ల గాకపోతుండె, ముకర్రం," అన్నాడు మెల్లగా.

ముకర్రం నన్ను పశువుల కొట్టం వెనక్కి లాక్కుపోయాడు. మొహంలో ఘాట్ మీది ధీమా లేదు.

"ఇంట్ల మంచిగనే నడిచింది కాకా! ఖుదా కసం!"

"ఎంతమందితో చూసుకున్నావు?"

"ముగ్గురం. అమ్మీ, నేను, మా బేగం."

వేడి చూసుకున్నాడు, బ్యాటరీ చూసుకున్నాడు, కీలు వదులవుతుందేమో చూసుకున్నాడు. బంధుత్వాలే చూసుకోలేదు. ముగ్గురున్న కుటుంబం మీద పరీక్ష చేసిన యంత్రాన్ని తీసుకొచ్చి కొమురెల్లి చుట్టరికంలోకి తోశాడు. ఏ బోర్డు మాత్రం తట్టుకుంటుంది? చుట్టాలతో బతికిన మనుషులకే చెమటలు పడతాయి.

కొట్టంలో ఎడ్లు నెమరు వేశాయి. ముకర్రం కూడా వేశాడు. చివరికి, "ఒక్క తీరున్నది," అన్నాడు. "ఒక్కో మొహం ఒక్కో పొర లెక్క ఉంటది. అన్ని పొరలు మోయలేక కూలవడ్తుంది. ఒక వరుస అయిపోంగనె దాన్ని మొత్తం అతికిచ్చేస్త. అప్పుడది ఒక్కటే ఫోటో. బరువు దిగుతది."

"మరింకేం?"

"అతికినంక జరగది కాకా. ముక్కు గూడ జరగది. గిరాకీకి కావాల్సిందే జరుపుడు. వీళ్లు ఒప్పుకోరు."

నిజమే. వాకిట్లోకి వచ్చి సంగతి చెప్పగానే ఇల్లు రెండుగా చీలింది. ఒకసారి పెడితే మార్చరాదట! మారకపోతే అది ఫ్లెక్సీ ఎట్లా అవుతుంది? తాను నాయకుడి పక్కనే ఉండాలన్నాడు శ్యాంసుందర్. చిన్నల్లుడు కరుణాకర్ మస్కట్ నుంచి వీడియో కాల్‌లో వచ్చి, దూరమున్నోడికి ఎప్పుడూ ఆఖరు జాగానేనా అని కళ్లు తుడుచుకున్నాడు. కోడలు, పిల్లవాడి మేనమామైన తన తమ్ముడి జాగా ఏదని అడిగి, చీర కొంగు దులిపి, లోపలికి పోయి గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టింది. కొమురెల్లి ఫోన్ తీసి వాహెద్ నంబర్ వెతుకుతున్నాడు. ముకర్రం అది చూశాడు. పెట్టె పట్టీ భుజానికి తగిలించుకున్నాడు కూడా.

లస్మవ్వ కర్రతో నేలను కొట్టింది.

"సాపలు తేండ్రి! బంతి వేస్త!"

"బువ్వ ఇంక గాలేదు గదనే అవ్వా," అన్నాడు కొమురెల్లి.

"బువ్వకు గాదు. గీ మొకాలకు. ఏ వరుసల ఎవలో నేను కూసవెడ్త. ఆ పిలగాడు అతికిస్తడు. బంతిల కూసున్నోన్ని లేపుడు మన తాన ఉన్నదా?"

లేదు. అది నాకూ తెలుసు. భోజనాల బంతిలో విస్తరి ముందు కూర్చున్న మనిషి శత్రువైనా సరే, లేవమనరు. లేపితే ఆ మాట మూడు తరాలు నడుస్తుంది. నాయకులను కుర్చీల్లోంచి దింపడానికి ఎన్నికలున్నాయి. బంతిలోంచి లేపడానికి ఏ రాజ్యాంగంలోనూ దారి లేదు.

చాపలు పడ్డాయి. లస్మవ్వ ఒక్కొక్కర్ని పిలిచి కూర్చోబెట్టింది. నాయకుడి బదులు ఒక కుర్చీ వేశారు. కరుణాకర్ ఉన్న ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి అతని జాగాలో కూర్చోబెట్టారు. ఊళ్లో లేనివాళ్ల బదులు తువ్వాళ్లు పరిచారు. ఒక వరుస నిండగానే ముకర్రం అటు చూసి మొహాలు సర్ది, "అతికిస్తున్న... బిస్మిల్లా!" అని మీట నొక్కేవాడు. చక్రం తిరిగేది, మళ్లీ బాణం గుర్తయ్యేది. వరుస నిలిచేది.

మధ్యలో శ్యాంసుందర్ మోకాళ్ల మీద లేచి, "అమ్మమ్మా, నేను జర గటు..." అన్నాడు.

"విస్తరి ముందట లేస్తవారా? ఏ ఊరి రివాజురా అది?"

యువనాయకుడు కూర్చున్నాడు. పాతికేళ్ల రాజకీయంలో అతన్ని ఎవరూ అంత తొందరగా కూర్చోబెట్టి ఉండరు.

అట్లా చివరి వరుస కూడా అతికింది. మధ్యలో దోతి కట్టబోయే పిల్లవాడు, చుట్టూ చుట్టాల సైన్యం. అంతా తెర ముందు గుమిగూడి ఎవరికి వారు తమను వెతుక్కుని, దొరికాక మిగతావాళ్లలో తప్పులు వెతికారు. కానీ ఎవరూ మార్చమనలేదు. ముకర్రం చొక్కా చేతితో నుదురు తుడుచుకున్నాడు.

అప్పుడు లస్మవ్వ వంగి తెరను ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది.

"గిందుల నేనేడున్న?"

బంతి వేసిన మనిషి బంతిలో కూర్చోదు కదా. అందర్నీ పిలిచింది, తనను ఎవరు పిలవాలి? ఇంటినిండా ఉన్న జనంలో ఆ లోటు ఒక్కరికీ కనబడలేదు. అతికింది జరగదు.

"అమ్మమ్మ ఎట్లనో దర్వాజల కూసోనే ఉంటది గదా," అన్నాడు శ్యాంసుందర్. "సూడాలన్నోళ్లు డైరెక్ట్ సూస్తరు."

తెర మీద ఇంకా అతకనిది ఒక్కటే ఉంది. అడుగున పొడుగాటి పసుపు పట్టీ. దాని మీద పెద్ద అక్షరాలతో 'ముకర్రం డిజైన్స్', కింద ఫోన్ నంబర్. ఫ్లెక్సీ చూసినవాడు ఫోన్ చేయాలంటే ఆ పట్టీయే దిక్కు. ఈ ప్రయాణమంతా ఆ పట్టీ కోసమే. ముకర్రం దాన్ని చూశాడు, లస్మవ్వను చూశాడు. అతని ముఖంలో త్యాగం లాంటిదేమీ కనబడలేదు, లెక్క కనబడింది.

"అవ్వా, వడ్డిచ్చినోళ్లు ఏ బంతిల తింటరు?"

"ఆఖరుకు."

"ఆఖరు బంతిల ఒక్కలే ఉంటే జాగంత వాళ్లదే గదా."

పేరు చెరిపేశాడు. తన ఫోన్‌తో లస్మవ్వ ఫోటో తీసి, పట్టీ మధ్యలో ఆమె మొహం పెట్టి, పట్టీ పట్టినంత పెంచాడు. నాయకుడి కన్నా పెద్దదైంది. ఫోన్ నంబర్ మాత్రం తీయలేదు. దాన్ని ఆమె గడ్డం కిందికి జరిపాడు.

లస్మవ్వ చాలాసేపు చూసుకుంది. "నంబర్ నాదనుకోరా అందరు, పిలగా?"

"అనుకోనీ అవ్వా. ఫోన్ నాకే వస్తది."

ఆమె నోట్లో పళ్లు లేని నవ్వు. "అతికియ్యి," అంది.

"బిస్మిల్లా!" మీట పడింది. చక్రం అన్నిసార్లకన్నా ఎక్కువ తిరిగి, మళ్లీ బాణం గుర్తయి ఆగింది. ముకర్రం తన ఫోన్ ద్వారా ఆదిలాబాద్‌లో ఫ్లెక్సీ అచ్చువేసే దుకాణానికి దాన్ని పంపేశాడు. కొమురెల్లి తన ఫోన్ జేబులో పెట్టుకుని, "కాళ్లు చేతులు కడుక్కోండ్రి, తిందురు," అన్నాడు.

నాకు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు వచ్చాయి. ముకర్రం ముందు కూడా పళ్లెం పెట్టారు. అతను రొట్టె తుంచబోతుండగా పక్కింటి గోడ మీద ఒక తల లేచింది. ముత్తయ్యట. మొదట్నుంచీ గోడ అవతల స్టూలేసుకుని అంతా చూస్తున్నాడు.

"ఓ భాయ్, మాది కొత్తింట్ల పాలు పొంగిచ్చేదున్నది. మాకు గూడ గట్లనే బంతి వేసి అతికిస్తవా? జర మా చుట్టాలెక్కువ."

"ఎంతమందైనా రానీ. నా మిషన్‌కు ఫికర్ లేదు!" ఘాట్ మీది గొంతు మళ్లీ వచ్చేసింది. రొట్టెను చుట్టి చేతిలో పట్టుకున్నాడు, పెట్టె మూత వేసి భుజానికెత్తుకున్నాడు.

నేను ఆదిలాబాద్‌కు ఆఖరి బస్సు ఎన్నింటికో అడుగుదామని నోట్లో ముద్ద మింగేలోపు అతను వాకిలి దాటాడు. ముత్తయ్య ఎదురొచ్చి పెట్టెను అందుకోబోతే ఇవ్వలేదు.

"ముందుగాల అలిగేటోళ్లను పిలువుండ్రి," అని చెబుతున్నాడు. "మంచోళ్లను ఎనుకకు కూసవెట్టొచ్చు."

రొట్టె కొరుక్కుంటూ మూల మలుపు తిరిగి వెళ్లిపోయాడు.