ఎస్తేర్‌రాణి తీసేసిన పేజీ

ఎస్తేర్‌రాణి మెట్టకూరులో టీచరు. అదే ఊళ్లో మరియమ్మ అనే పెద్దావిడ చేపల వలలు బాగుచేస్తూ దేవుని పాటలు పాడేది. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు.

2008 వేసవిలో ఎస్తేర్‌రాణి ఆమెను ఫరంపేటలోని అమ్మన్న నెట్ సెంటరుకు తీసుకెళ్లింది. మరియమ్మ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్లో వల లేకపోయినా వేళ్లు ఆడిస్తూ పాడేది. అలా ఆడించకపోతే చరణం గుర్తొచ్చేది కాదు. ఎస్తేర్‌రాణి విని, ఇంటర్నెట్‌లో తను తెరిచిన పేజీలోకి నేరుగా టైపు చేసేది. కాగితం మీద రాసుకోలేదు.

వానాకాలంలో అమ్మన్న తన కంప్యూటర్లన్నిటిలో ఉచితంగా దొరికిన కొత్త బ్రౌజరు వేశాడు. ఆ తర్వాత ఒక ఆదివారం చర్చి సంఘపెద్ద జాషువా ఎస్తేర్‌రాణిని గుడి బయట ఆపాడు.

“ఏమ్మా టీచరమ్మా, దేవుడి పాటల మధ్యలో ఆ బట్టల్లేని బొమ్మలేంటి? పేకాట పిలుపులేంటి?”

“నేను పెట్టలేదు బాబాయ్ గారూ.”

“నీ పేజీలో నువ్వెట్టకపోతే దెయ్యమొచ్చి ఎట్టిందా?”

ఆమె వెళ్లి చూసింది. నిజమే. అమ్మన్ననడిగితే, “నాకేం తెలుసండి, పేజీ మీదే కదండీ” అన్నాడు. పరీక్షా ఫలితాల పేజీల్లోనూ అవే బొమ్మలు వస్తున్నాయి. అక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇంటర్నెట్ అంటే అంతే అనుకున్నారు. పాటల మధ్యనే అవి తప్పుగా కనిపించాయి. సంఘంలో అందరూ చూసింది అమ్మన్న దగ్గరే. అందరికీ ఒకేలా కనిపించింది కనుక నిజమనుకున్నారు. ఆమె కూడా.

సండే స్కూలు పిల్లలను ఇక ఆమె దగ్గరికి పంపరన్న మాట వినిపించింది. ఆ సాయంత్రమే పేజీ మొత్తం తీసేసింది.

మరుసటి ఏడు కాకినాడలో టీచర్లకు కంప్యూటరు శిక్షణ. అక్కడ ఫలితాల పేజీ శుభ్రంగా ఉంది. శిక్షణ ఇచ్చే శిరీషకు తన పేజీ సంగతి చెప్పి అడిగింది.

“పేజీలో ఏం ఉండదండి. కొన్ని ఉచిత బ్రౌజర్లు ప్రకటనలు అవే మధ్యలో దూర్చేస్తాయి. మీ పేజీని ఇక్కడ తెరిచుంటే మామూలుగానే కనపడేది.”

“తీసేసింది తిరిగొస్తుందా?”

“ఇన్నాళ్లయ్యాక రాదండి.”

ఊరికి తిరిగొచ్చి ఈ సంగతి జాషువాకు చెప్పింది. “తొందరపడ్డానమ్మా. మళ్లీ రాయించుకో” అన్నాడు. తర్వాత తనకే గుర్తొచ్చింది. మరియమ్మ పోయినప్పుడు సమాధి దగ్గర ప్రార్థన చేసింది తనే.

ఎస్తేర్‌రాణి మరియమ్మ కూతురు జోసెఫిన్ ఇంటికి వెళ్లింది.

“మాకు పల్లవులే వచ్చండి” అంది జోసెఫిన్. “చరణాలు అమ్మే పాడేది. మీరు రాసేసుకున్నారు కదా అని మేం నేర్చుకోలేదండి.”