డెస్ బిగించిన పైపు

డెస్ హార్గన్ నలభై ఏళ్ళు గాలిమర పంపులు బాగుచేసి బతికాడు. అతను బిగించిన చోట చుక్క కారిందని ఆ చుట్టుపక్కల గొర్రెల ఫారాల్లో ఒక్కరూ అనలేదు. అలాంటి మనిషి సొంత వంటింటి సింకు కింద ఎనిమిదేళ్ళుగా పైపే లేదంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కరువు ముదిరిన ఏడాది భార్య నోరీన్ ఆ వంపు పైపు ఊడదీసి బకెట్ పెట్టింది. ఊళ్ళో సగం ఇళ్ళలో అదే పద్ధతి. గిన్నెలు కడిగిన నీళ్ళు సాయంత్రం ఐదింటికి పెరట్లో నిమ్మచెట్టుకి పోసేవాళ్ళు.

తర్వాత వానలు పడ్డాయి. పోయిన చలికాలం నోరీన్ పోయింది. బకెట్ మాత్రం ఉండిపోయింది.

బకెట్ పిడి చప్పుడు వినగానే పక్కింటి వెర్న్ కంచె దగ్గరికొచ్చేవాడు. ఒకర్నొకరు కాసేపు వెక్కిరించుకునేవాళ్ళు. రోజు మొత్తంలో డెస్ నోరు విప్పేది అక్కడే. అందుకే పైపు సంగతి నానుస్తూ వచ్చాడు. కానీ మోకాలికి ఆపరేషన్ అయ్యాక బరువులెత్తొద్దంది డాక్టరమ్మ. ఇక వెర్న్ వదల్లేదు.

“ఇంకెన్నాళ్ళు మోస్తావురా ఆ కుడితి? వానలొచ్చి మూడేళ్ళయింది.”

“పెడతాలేరా పైపు.”

“నీ వల్ల కాదని చెప్పు, ప్లంబర్ని పిలుస్తా. గాలిమరలంటే ఏదో లాక్కొచ్చావు గానీ, మీ ఇంట్లో పనిమంతురాలు నోరీనే కదా!”

డెస్‌కి రోషం పొడుచుకొచ్చింది. “రేపీపాటికి అయిపోతుంది. చుక్క కారితే నన్నడుగు” అనేశాడు.

మర్నాడు మధ్యాహ్నం సింకు కింద తల దూర్చి పడుకున్నాడు. పైపు ముక్కలు నోరీన్ బిస్కెట్ల డబ్బాలో దాచింది. వాషర్లు బిరుసెక్కిపోతే కొత్తవి కొనుక్కొచ్చాడు. ఒకటి తిరగేసి పెట్టినట్టున్నాడు, కుళాయి తిప్పి కిందికి తొంగి చూడగానే మొహం మీదే కారింది. తిట్టుకుంటూ విప్పి, సరిచేసి, నట్లు చేత్తోనే బిగించాడు. సింకు నిండా నీళ్ళు పట్టి వదిలాడు. గుడగుడమంటూ పోయాయి. కింద పరిచిన పాత పేపరు పొడిగా ఉంది.

“చూశావా నోరీన్” అన్నాడు పైకే. అనేశాక ఖాళీ బిస్కెట్ల డబ్బాకి మూత పెట్టాడు.

ఐదయింది. మోయడానికేమీ లేదు. అయినా కంచె దాకా నడిచాడు. చప్పుడు లేదు గనక వెర్న్ రాలేదు. అతనింట్లోంచి క్రికెట్ కామెంట్రీ వినిపిస్తోంది. పిలవచ్చు, కానీ ఏమని పిలవాలి? పని లేకుండా మనిషిని పిలవడం డెస్‌కి ఏనాడూ చేతకాలేదు. నిమ్మాకులు చూస్తూ పావుగంట నిలబడ్డాడు. ఇంత ఒంటరితనం నోరీన్‌ని పూడ్చిన రోజు కూడా తెలియలేదు.

లోపలికొచ్చి, మోకాలు పట్టుకుని మళ్ళీ సింకు కింద దూరాడు. నట్టు అర చుట్టు వదులు చేసి, కింద బకెట్ పెట్టి, కుళాయి తిప్పాడు. అడుగున నాలుగు గ్లాసుల నీళ్ళు చేరాక బకెట్ పట్టుకెళ్ళి కంచె దగ్గర పిడి గట్టిగా ఆడించాడు.

వెర్న్ తలుపు తెరుచుకుంది.

“ఏరా, కారుతోందా?”

“కారుతోందిరా” అన్నాడు డెస్.