తుపాకులు స్టేషన్‌లో ఉన్న నెలలు

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. మొన్న ఆళ్లగడ్డ స్టేషన్‌లో తుపాకులు అప్పగించేవాళ్ళ వరుస పక్కన నిలబడితే తుపాకి నూనె వాసన గుప్పుమంది. మస్తాన్ సార్ గుర్తొచ్చారు. నంద్యాలలో మా పత్రిక డెస్క్‌కు ఆయనే పెద్ద. నాకు రాయడమూ, రాసింది కొట్టేయడమూ నేర్పిన మనిషి.

నేను చేరిన కొత్తలో ఎక్కడ విన్నా తుపాకి లైసెన్సుల గొడవే. ప్రాణభయం ఉన్నవాడికి అది హక్కని కొందరు, వద్దని కొందరు. నేను వద్దనే పక్షం. పోలీసు రిజిస్టర్లు తిరగేసి, తుపాకులు అప్పగించిన నెలల్లో హత్యలు తగ్గాయని పట్టిక గీశాను. ఇంకేముంది, నా వాదన నెగ్గిందని మురిసిపోయాను. సార్ చదివి పట్టిక మీద అడ్డంగా గీత పెట్టారు.

"ఆ నెలల్లో ఊళ్ళల్లో మనుషులు ఉండారా?"

"ఉండక యాడికి పోతారు సార్?"

"పోయి చూసిరా పో."

నాకు ఒళ్ళు మండింది. "మీరు తుపాకులోళ్ళ పక్కనా సార్?" అనేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

మళ్ళీ ఓట్లు దగ్గరపడ్డాక ఆళ్లగడ్డ పక్క పల్లెకు వెళ్ళాను. సగం ఇళ్ళకు తాళాలు. వీధి మొదట్లో పోలీసుల కాపలా. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వను మగవాళ్ళేరని అడిగాను.

"మొగోళ్ళు యాడుండారమ్మా? పోలీసు కేసులకు బయపడి ఆత్మకూరు దిక్కు పోయినారు. ఓట్లయినాంక వస్తారు. పోయినసారి నా కొడుకు అట్లే వచ్చినాడు. వచ్చిన వారానికే కొడవండ్లతో నరికినారు."

ఆ కొడుకు నా పట్టికలో ఉన్నాడు, తుపాకులు తిరిగిచ్చిన నెల కింద. దేనితో చంపారో చూడకుండానే అతన్నీ తుపాకి లెక్కలో వేశాను. ఆ ముసలామె ముందు తలెత్తలేకపోయాను. పట్టిక లేకుండానే వ్యాసం రాసిచ్చాను. సార్ ఒక్క గీత కూడా పెట్టకుండా అచ్చుకు పంపారు.

ఆయన చనిపోయినప్పుడు ఇంటికి వెళ్ళాను. బీరువా మీద ఒక కుర్రవాడి ఫోటో.

"మీ సారు తమ్ముడమ్మా," అన్నారు ఆయన భార్య. "లైసెన్సు తుపాకితోనే కాల్చినారు. అప్పట్నించి తుపాకి అంటేనే పడదు ఈయనకు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్తే నువ్వు ఆయన కోసం రాస్తావని చెప్పలేదు."

'తుపాకులోళ్ళ పక్కనా' అని నేనన్న మాట గుర్తొచ్చి అక్కడే కూలబడి ఏడ్చాను. క్షమించమని అడగడానికి మనిషి లేడు.

మొన్న స్టేషన్‌లో అధికారి నవ్వుతూ పలకరించారు. "చూడమ్మా, తుపాకులు ఈడికొచ్చినాంక ఊర్లెంత సల్లగుండాయో. రాసుకో."

నేనిప్పటికీ తుపాకులు వద్దనేదాన్నే. రాసుకోవాలని మనసు లాగింది కూడా.

"ఊళ్ళల్లో మనుషులు ఉండారా సార్?" అని అడిగి, పల్లె బస్సు ఎక్కాను.