అవ్వ గొంతుకు రెండు గడపలు

మా బావకు నా మీద ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు. ఒక పెన్‌డ్రైవ్‌తో పోయే పనికి నేను ఇంట్లో ఒక కంప్యూటరును రాత్రింబవళ్లు మేపుతున్నానట. అక్క మొగుడు కాబట్టి ఆ మాత్రం అనే హక్కు ఆయనకుంది. వినకుండా ఉండే హక్కు నాకూ ఉంది.

మాది తమిళనాడులో పాండూరు పక్కన పల్లె. రోజూ తిరువళ్లూరు వెళ్లి ఒక ఆఫీసులో పనిచేసి వస్తాను. అక్కడ తీసిపారేసిన పాత కంప్యూటరు తెచ్చుకుని, అవ్వ పాటలన్నీ అందులో పెట్టాను. అవ్వ అంటే మా నాయన తల్లి. పెళ్లిళ్లలో నలుగు పెట్టేటప్పుడు ఆమె పాడాల్సిందే. ఒకసారి ఎవరో ఆ పాటను ఫోనులో పట్టి చుట్టాల గ్రూపులో పెట్టారు. ఆమె తెలుగు విని కొందరు పగలబడి నవ్వే బొమ్మలు పంపారు. అవ్వ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తర్వాత నేను బతిమాలితే పాడింది గానీ, ఒక షరతు పెట్టింది.

"నా గొంతు ఇల్లు దాటకూడదు పాపా. ఇనాలనుకున్నోళ్లు ఇంటికొచ్చి ఇనేది."

మాటిచ్చాను. అవ్వ పోయి ఏడాది దాటినా ఒక్క పాట కూడా ఎవరికీ కాపీ ఇవ్వలేదు. నేను బయట ఉన్నప్పుడు వినాలనిపిస్తే ఫోనులోంచి ఇంటి కంప్యూటరును పిలుస్తాను. అది వినిపిస్తుంది, పాట మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

ఇదంత సులువుగా కుదరలేదు. మా ఇంట్లో రెండు రౌటర్లు. కంపెనీవాళ్లు పెట్టింది వసారాలో ఉంది. మా పాత మట్టిగోడల మందానికి దాని వైఫై నడవ దాటదు, అందుకని లోపల నేను ఇంకొకటి పెట్టాను. బయటి నుంచి వచ్చిన పిలుపును మొదటిది రెండోదానికి అప్పజెప్పాలి, రెండోది కంప్యూటరుకు అప్పజెప్పాలి. రెండింటికీ ముందే చెప్పిపెట్టకపోతే పిలుపు వాకిట్లోంచే వెనక్కి పోతుంది. పైగా బయటివాళ్లు పిలవడానికి మా ఇంటికంటూ ఒక సొంత నంబరు కావాలని కంపెనీతో నెల రోజులు పోట్లాడాను. "ఇళ్లకు అదెందుకు మేడమ్?" అన్న ప్రతివాడికీ "మా అవ్వ కోసం" అనే చెప్పాను. నా పోరు పడలేక ఇచ్చారు.

మొన్న దీపావళి నెలలో చిన్నాన్న కూతురి పెళ్లి తిరుత్తణిలో జరిగింది. నలుగుకు సినిమా పాటలు పెడదామని బావ స్పీకర్లు మాట్లాడాడు. అవ్వ పాటలు ఎవరికి కావాలి, ఈ పిల్లలకు తెలుగు అక్షరాలే రావు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చదవడం రాకపోతే వినడం కూడా రాదా? పెళ్లికూతురు నా చేయి పట్టుకుని, "అవ్వ పాడకుండా నాకు నలుగే వద్దక్కా" అంది. అవ్వే పాడుతుందని అందరి ముందూ మాటిచ్చేశాను.

సాయంత్రం నాలుగింటికి మండపంలో పెళ్లికూతురినీ పెళ్లికొడుకునూ పీటల మీద కూర్చోబెట్టి పసుపు కలిపారు. ఫోనును స్పీకరుకు కలిపి ఇంటిని పిలిచాను. తెర మీద సున్నా తిరిగి తిరిగి, సర్వరు దొరకలేదంది.

"ఏం మరదలా, అవ్వ అలిగినట్టుండాదే!" అన్నాడు బావ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నాయనకు వీడియో కాల్ చేశాను. ఆవు ఈనే రోజులు కావడంతో ఆయన మర్నాడు ముహూర్తానికి వద్దామని ఇంట్లోనే ఉండిపోయాడు. కంప్యూటరుకు కలిపిన టీవీలో అవ్వ పాట పెట్టమంటే పెట్టాడు, బాగానే వినిపించింది. అంటే కంప్యూటరు బాగుంది, నెట్టూ బాగుంది, వాకిలే మూసుకుపోయింది. తప్పు నాదే. వారం పొడుగునా ఇంట్లో కూర్చునే పరీక్షించి, అంతా సరిగా ఉందనుకున్నాను. పండగ పనుల్లో పడి ఈ నెలలో ఒక్కసారైనా బయటి నుంచి పిలిచి చూడలేదు.

"నాయనా, వసారాలో బాక్సును ఎవరన్నా ముట్టినారా?"

"ఎవురూ ముట్టలేదే. ఆయుధ పూజకు నేనే తుడిచి గంధం బొట్టు పెట్టినా, అంతే."

"బొట్టు యాడ పెట్టినావు?"

"ఎనకాల సన్న బొక్క ఉండాదే, దాని పక్కన. గంధం లోపలికి దిగింటే చీపురుపుల్లతో గీకినా. లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ వచ్చె. పండగనాడు దానికీ రెస్టు కావాల్లే అనుకుంటి."

మా ఇళ్లలో ఆయుధ పూజనాడు కొడవలి నుంచి మిక్సీ దాకా అన్నిటికీ బొట్టు పెడతారు, ఆ రోజు వాటిని పనిచేయనివ్వరు. ఆ బొక్కలో పుల్ల గుచ్చితే బాక్సు తనకు నేర్పిందంతా మరిచిపోతుంది. కంపెనీ నెట్టు తనంతట తాను తిరిగొచ్చింది గానీ నేను చెప్పిపెట్టిన మాట ఎగిరిపోయింది. కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది.

"ఇంకెందుకు పాట్లు? టీవీ దగ్గిర ఫోను పెట్టమను, సరిపోతాది" అన్నాడు బావ.

"అట్ల పెడితే బావిలోంచి పాడినట్టుంటాది, అవ్వను అట్ల పాడించను బావా. ఒకసారి నవ్వినారు, అది చాలు."

నాయన టీవీ ముందు కీబోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. పాస్‌వర్డు బాక్సు అడుగున చీటీలో ఉంది. దాని మీదా గంధమే. పంచె అంచుతో తుడిచి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కొట్టాడు. వాకిలి తెరిచే అంకెలు నాకు నోటికి వచ్చు, చెప్పాను. మళ్లీ పిలిచాను. మళ్లీ దొరకలేదు.

"సీక్రం అమ్మా, పసుపు ఎండిపోతా ఉండాది" అంది పిన్నమ్మ. బావ స్పీకరు వైరు మీద చేయి వేశాడు.

"చెయ్యి తియ్యి బావా!"

మండపమంతా నా వైపు తిరిగింది. తిరగనీ అనుకున్నాను. అన్నీ మరిచిన బాక్సుకు నా లోపలి బాక్సు పాత నంబరు మాత్రం గుర్తుంటుందా? కొత్తది ఇచ్చి ఉంటుంది. ఇంత చిన్న సంగతి తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"నాయనా, దానికి కలిసున్నవాటి లిస్టు తెరువు. మన లోపలి బాక్సుకు చివరి అంకె ఎంత?"

"నాలుగు."

మేము కొట్టింది రెండు. "రెండు తీసేసి నాలుగు పెట్టు."

పెట్టాడు. తిరుత్తణి మండపంలో మా అవ్వ గొంతు సవరించుకుంది.

"పసుపు తక్కువని అలిగేవా పెండ్లికొడకా, మా పసుపు చేను నీ పేరే రాస్తిమి గదా" అని ఎత్తుకుంది. పెద్దామెలు ఇద్దరు వెంటనే గొంతు కలిపారు. తమిళం తప్ప చదవలేని పిల్లలు ఎగతాళి ఎక్కడుందో కనిపెట్టి పెళ్లికొడుకును చూసి కిసుక్కుమన్నారు. పెళ్లికూతురు పసుపు పూసిన చెంపల మీదుగా ఏడుస్తూ నవ్వింది. నాకూ ఆగలేదు.

మొదటి పాట అయిపోయింది. రికార్డింగులో అవ్వ కాస్త దగ్గి, నన్ను అడిగింది. "ఇది ఇల్లు దాటదు గదా పాపా?"

ఆ సంగతి నేను మరిచేపోయాను. మండపమంతా విన్నది.

"దాటేసె కదవ్వా!" అన్నాడు బావ, స్పీకరు వైపు చూస్తూ.

"లేదు బావా. అవ్వ ఇంట్లోనే ఉండాది. మీరే ఇనేదానికి ఆయమ్మ ఇంటికొచ్చినారు."

రెండో పాట మొదలైంది. దాన్ని పట్టుకోవడానికి బావ ఫోను పైకెత్తాడు. నేను చేయి చాపాను. ఒక్క క్షణం నన్ను చూసి, ఫోను నా చేతిలో పెట్టి, వినడానికి కింద కూర్చున్నాడు.