అత్తకు చదివి వినిపించిన పుస్తకాలు

గద్వాలలో చీరలు నేసే యమునకు అపరాధ పరిశోధన నవలలంటే ప్రాణం. మగ్గం దిగగానే గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం పట్టుకుని కూర్చునేది.

"చచ్చినోడు చచ్చె. చంపినోడు ఎవడైతే నీకేందే? పొయ్యి మీద అన్నం మాడుతుంది సూడు," అని అత్త మల్లమ్మ సాధించేది.

ఆ మల్లమ్మకు పోయినేడు రెండు కళ్లూ పోయాయి. కంటి నరం ఎండిపోయిందని, ఇక చూపు రాదని డాక్టర్లు తేల్చేశారు. వయసంతా మగ్గం మీద గడిపిన మనిషి మంచం పట్టి గోడవైపు తిరిగింది. పలకరిస్తే పలకదు. అన్నం పెడితే రెండు మెతుకులు కతికి వదిలేస్తుంది.

"అమ్మ ఇంక గంతే. ఎంత బతిలాడినా లేస్తలేదు," అన్నాడు కొడుకు సురేందర్.

"నేను లేపుత," అంది యమున.

ఆ సాయంత్రమే మంచం పక్కన పీట వేసుకుని నవల పెద్దగా చదవడం మొదలుపెట్టింది. మల్లమ్మ కదల్లేదు. యమునా ఆపలేదు. గొంతు బొంగురుపోయినా రోజూ చదివింది. ఒకరోజు కథలో దీపం ఆరిపోయి, కిటికీ కిర్రుమన్న చోట పుస్తకం మూసింది.

"ఆపినవేందే?" గోడవైపు నుంచి గొంతు.

యమున పీట దగ్గరికి జరుపుకుంది. "రేపు సదువుత అత్తమ్మా."

"రేపటిదాంక ఎవరాగుతరు? సదువు. గా చచ్చినోని తమ్ముడే చంపిండు, నాకు తెల్సు."

చంపింది తమ్ముడు కాదు, వంటమనిషి. మల్లమ్మ ఒప్పుకోలేదు. "వంటామెకేం పగ? రాసినోనికే తెల్వదు!" అని లేచి కూర్చుని మరీ వాదించింది. ఆ వాదులాటలో యమున పెట్టిన ముద్దలన్నీ తినేసింది.

గ్రంథాలయంలో అలాంటి నవలలు అయిపోయాక యమున బస్సెక్కి వనపర్తిలోని చెల్లెలు మనీషా దగ్గరికి వెళ్లింది. అక్కడ దొరికినవి ఒక కథల పుస్తకం, ఒక కవితల పుస్తకం.

మొదటి కథలో మొగుడితో పోట్లాడి వచ్చిన ఇల్లాలు బస్టాండులో కూర్చుని ఉంటుంది. కథ అక్కడే ముగిసింది.

"అయిపోయిందా? ఆమె బస్సెక్కిందా, ఇంటికి పోయిందా?"

"రాయలేదత్తమ్మా."

"గిదేం కథనే, అంచు కలపని చీర లెక్క!"

యమునకూ అదే కోపం వచ్చింది. కానీ మర్నాడంతా మగ్గం మీద ఆ ఇల్లాలే కళ్లలో మెదిలింది. సాయంత్రం మల్లమ్మే ఎత్తుకుంది. "ఆమె బస్సెక్కే ఉంటది. నేనే ఎక్కలే. ఒకపారి నేను గూడ గట్లనే కూసున్న. సురేందర్ కడుపులుండె. తిరిగొచ్చిన."

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట యమున వినని మాట అది.

కవిత్వమంటే యమునకే భయం. అత్త అర్థం అడిగితే ఏం చెప్పాలి? అయినా తెరిచింది. వాన కోసం ఎదురుచూసే నేల గురించి రాసిన చిన్న కవిత. సగం మాటలు అందలేదు.

"నాకే సమజ్ కాలే అత్తమ్మా."

"కాకుంటే ఏమాయె? ఇననీకి మంచిగున్నది. మల్ల సదువు."

చదివింది. మల్లమ్మ వేళ్లు మోకాలి మీద తాళం వేశాయి.

కొన్నాళ్లకు మల్లమ్మ రాట్నం అడిగింది. మగ్గానికి నూలు కండెలు చుడతానంది.

"కనబడకుండ ఎట్ల చుడతవమ్మా? దారం తెగుతది," అన్నాడు సురేందర్.

"తెగితే ముడేస్త."

తెగింది. చిక్కుపడింది. మల్లమ్మ తడుముకుంటూ ముడులు వేసింది. చుట్టిన కండెలను యమున చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"వదులున్నయత్తమ్మా. మగ్గానికి పనికిరావు."

"అట్లనా? ఇప్పి ఇటియ్యి," అంటూ మల్లమ్మ రాట్నాన్ని మళ్లీ తన వైపు లాక్కుంది.