నాలుగు వానలు చూడమన్న అవ్వ

మొన్న ముంచింగిపుట్టు సంత నుంచి వస్తున్నవాళ్ళు చెప్పారు, అవ్వ పోయిందని. మూడు రోజులు జ్వరమట. వాళ్ళు అడ్డాకుల కట్టలు దించుకుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. నేను చేతిలో చేట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఈ వానాకాలం ఆవిడ నాకొక జవాబు చెప్పాల్సి ఉంది.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. మావారు ఫారెస్టు బంగళాలో గుమాస్తా. పెళ్ళయి ఈ కొండ మీదకు వచ్చినప్పుడు నాకు పలకరించే దిక్కు లేదు. వారానికోసారి గంపలో దుంపలో, వానాకాలమైతే పుట్టకొక్కులో తెచ్చి మా అరుగు మీద కూర్చునేది అవ్వ. పుట్టగొడుగుల్ని ఇక్కడ కొక్కులంటారు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, అడ్డపొగతోనే కబుర్లు చెప్పేది. ఏ కొక్కు ఏ చెట్టు కింద, ఎన్నో ఉరుముకు లేస్తుందో ఆవిడకు కంఠతా వచ్చు.

మూడేళ్ళ కిందటి వానల్లో మావారు సరుకులకని కిందికి దిగారు. గెడ్డ, అంటే కొండవాగు, పొంగి దారి తెగింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నాలుగేళ్ళ పిల్ల ఆకలని ఒకటే ఏడుపు. బంగళా వెనక, ఎప్పుడో ఎవరో దొర విత్తనం తెప్పించి నాటించిన పైను చెట్లుండేవి. వాటికి ఆకులకు బదులు సూదులు. గాలికి ఒరిగిపోతే ముందటేడు కొట్టేశారు. ఆ మొద్దుల నిండా గుత్తులు గుత్తులుగా పసుప్పచ్చని కొక్కులు! నాకు ప్రాణం లేచొచ్చింది. మా అత్తగారు నేర్పిన పరీక్ష ఉండనే ఉంది. ఉడికేటప్పుడు కుండలో వెండి వేస్తే, నల్లబడకపోతే మంచివన్నమాట. పిల్ల కాలి పట్టీ తీసి వేశాను. అది తళతళలాడుతూనే ఉంది. సంబరంగా కంచం పెట్టాను.

అప్పుడే అవ్వ తడుచుకుంటూ వచ్చి కుండలోకి తొంగి చూసింది.

"ఎక్కడివమ్మగోరూ?"

"బంగళా వెనక మొద్దులవి."

అంతే. కుండ ఎత్తుకెళ్ళి వానలో కుమ్మరించింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం, విషమా అవి?"

"తెల్దమ్మగోరూ."

"తెలీకుండానే పిల్ల నోటికాడ కూడు పారబోశావా?"

"తెల్దు కాబట్టే పారబోసినాను. ఆ సెట్టు మా కొండది కాదు. తల్లినే ఎరగను, పిల్లనేటి గుర్తుపడతాను?"

"వెండి నల్లబడలేదు, చూడు!"

"తినేది ఎండి కాదు కదమ్మా, గుంట!"

గుంట అంటే వాళ్ళ మాటలో పిల్ల. నేను పిల్లను ఒళ్ళోకి లాక్కున్నాను. అవ్వ ఆ వానలోనే వెళ్ళి ఆనపబుర్రలో సోడంబలి, అదే రాగిజావ, తెచ్చి పిల్లకు తాగించింది. పిల్ల నిద్రపోయాక అంది, "నాలుగు వానలు సూడాలి. దాన్నేటి తింటాదో, ఎప్పుడు లెగుస్తాదో, ఎలా సత్తాదో. అప్పుడు సెప్తాను." కొత్త కొక్కు కనబడితే వాళ్ళ ఊళ్ళో అదే పద్ధతట.

అన్నమాట తప్పలేదు. ప్రతి వానాకాలం వచ్చి, మొద్దు ఎదురుగా రాతి మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. పురుగు పట్టిందా, ఉడత కొరికిందా అని చూసేది. ఒక కొక్కును తిరగేసి నాకూ చూపించింది. గొడుగు కింద సన్నని రేకులు, పిల్ల పావడా కుచ్చెళ్ళలా. అన్నాళ్ళూ కొక్కుల్ని తరగడమే గాని, ఒక్కదాన్నీ నేను తిరగేసి చూసిన పాపాన పోలేదు.

కిందటేడు మా పిల్ల ఒక గొడుగు తుంచి పలక మీద బోర్లించి, పైన గిన్నె మూసి మరిచిపోయింది. పొద్దున్నే తీస్తే, నల్లని పలక మీద, రేకుల్లోంచి రాలిన తుప్పురంగు పొడితో ఒక చక్రం! నడుమ నుంచి అంచు దాకా వెంట్రుకవాసి గీతలు, వందలు. ఎవరూ బలపం పట్టలేదు. అవ్వ వచ్చి చూసి, చుట్ట తీసి పక్కన పెట్టింది. కొండదేవత ముందు తప్ప ఆవిడ ఆ పని చేయగా నేను చూడలేదు. రెండు చేతులూ జోడించింది.

"రాత నేర్సిందే ఇది! ఏటి రాసిందో సదవండమ్మగోరూ."

ఈ చుట్టుపక్కల చదువొచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ గీతల వంక చాలాసేపు చూశాను.

"తెలీదవ్వా," అన్నాను.

బోసినోటితో నవ్వింది. "అద్దీ! ఇంక నువ్వూ నాకాడ కూకోని సూడు."

ఆవిడ నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. అంత గౌరవం నాకింకెవరూ ఇవ్వలేదు.

అవి విషమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. పిల్లకు ఏడేళ్ళు నిండాయి, నా కళ్ళ ముందు గెంతుతోంది. అవ్వకు నేను చేతులెత్తి మొక్కడానికి అది చాలు.

ఇది నాలుగో వాన. నిన్న మొద్దుల మీద మళ్ళీ లేచాయి. పిల్లా నేనూ వెళ్ళాం. పిల్ల వెళ్ళి అవ్వ రాతి మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"అమ్మా, ఇవి తినొచ్చా?"

"తెల్దమ్మా," అన్నాను. నా నోట అవ్వ మాటే వచ్చింది.

"అయితే సూద్దాం," అని పిల్ల ఒక గొడుగు తుంచి, వెంట తెచ్చుకున్న పలక మీద బోర్లించి, చినుకు పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది.