అత్త బాగుచేసిన బెలూన్ తుపాకులు

పాత ఎయిర్ గన్ విప్పగానే లోపలి తోలు వాషర్ నుంచి ఆముదం వాసన వస్తుంది. అరవదేశంలో, కోవిల్‌పట్టిలో మా సైకిల్ షాపు వెనక గదిలో ఈ ఉదయం ఆ వాసన తగలగానే మా అత్త గుర్తొచ్చింది. తిరునాళ్లలో బెలూన్లు పగలగొట్టే తుపాకులను ఆమె బాగుచేసేది. షాపు మామది. ఆయనకు సైకిళ్లు తప్ప మరొకటి చేతబట్టడం ఇష్టం లేదు. ఎవరో వదిలేసి వెళ్లిన తుపాకిని అత్త ఊరికే విప్పి చూసిందట. తిరిగి బిగించాక అది మునుపటికన్నా గట్టిగా కొట్టిందట. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల తుపాకులన్నీ ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి.

నేను విరుదునగర్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, గోడకానించిన ఆ తుపాకులకు దూరంగా తప్పుకుని నడిచేదాన్ని. అత్త అది గమనించి ఒకటి నా ఒళ్లో పెట్టింది. "బయపడేదానికి ఏముండాది? లోపల ఒట్టి గాలే గదా" అంది. ఆ గాలి పక్కలనుంచి జారిపోకుండా పట్టి ఉంచేది తోలు వాషర్ అనీ, అది ఎండితే తుపాకి నీరసిస్తుందనీ అలా నేర్చుకున్నాను. ఒకరోజు ఆమె లేనప్పుడు, నూనె ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుని ధారగా పోసి కాల్చాను. పెద్ద చప్పుడయింది, గొట్టంలోంచి పొగ వచ్చింది, మామ చేతిలో ట్యూబు పారేసి పరుగెత్తుకొచ్చాడు. అప్పుడే వీధిలోంచి వచ్చిన అత్త నవ్వలేక నేలమీద కూలబడింది. "రెండు చుక్కలు చాలు. దానికేమన్నా తలంటు పోస్తుండావా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

నవ్వు ఎంతో, పట్టుదలా అంతే. ఒక బెలూన్ దుకాణదారు, కాల్చేవాళ్లకు గురి తప్పేలా తుపాకి మొనను కాస్త వంచి ఇమ్మని అడిగితే, ఆమె తుపాకిని విప్పకుండానే తిరిగి ఇచ్చేసింది. తప్పితే కాల్చేవాళ్ల చెయ్యి తప్పాల గానీ తన తుపాకి తప్పగూడదని చెప్పింది. అతను మరుసటి వారం మొన ఊసెత్తకుండా, బాగుచేస్తే చాలని మళ్లీ తెచ్చాడు.

ఆ ఏడాది పంగుని నెల తిరునాళ్లకు అత్తతో కలిసి విరుదునగర్ వెళ్లాను. మా నాన్నకు అక్కడ మిరపకాయల మండీ ఉండేది. కూతురు తుపాకులు విప్పుతోందంటే బజారులో నవ్వుతారని, నేను అత్తగారింట్లో జాకెట్లు కుడుతున్నానని అందరికీ చెప్పుకున్నాడు. ఆయనతోనే సంత చూస్తూ ఉంటే, అత్త దగ్గర తుపాకులు బాగుచేయించుకునే సుడలై అన్న తన బెలూన్ దుకాణంలోంచి ఆమెను పిలిచాడు. వాళ్ల తాత కొన్న పాత విదేశీ తుపాకి గుండు బెలూన్‌ను తాకి, పగలగొట్టకుండా కింద పడుతోంది. అత్త పనిముట్ల సంచి నాకు అందించింది. నాన్న చూస్తున్నాడని గొణిగాను. "చూడనీ. చూడాల్సింది ఆయనే గదా" అని, స్టూలు మీద కూర్చుని వేరుశనగల కడలైమిఠాయి పొట్లం విప్పుకుంది. మళ్లీ నా వైపు చూడలేదు.

జనం మూగారు. స్ప్రింగు రెండుసార్లు చేతిలోంచి జారింది. లోపలి తోలు అప్పడంలా విరిగిపోయి ఉంది. నూనెలో నానిన కొత్త ముక్క తీసి, గొట్టంలో బిగువుగా కదిలేదాకా అంచులు చెక్కి, బిగించి సుడలై అన్నకు ఇవ్వబోయాను. మధ్యలో నాన్న చెయ్యి చాచి, తనే అందుకుని కాల్చాడు. మొదటి గుండు ఎటో పోయింది. తుపాకి సరిగ్గానే ఉందనీ, వియ్యంకుడి బుజమే వణుకుతోందనీ అత్త నములుతూనే తేల్చింది. రెండో గుండుకు ఎర్ర బెలూన్ పగిలింది. నాన్న దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నా కూతురు చేసింది" అన్నాడు, చుట్టూ ఉన్న అరవం వాళ్లకు తెలుగు అర్థం కాదన్న సంగతే మరిచిపోయి. గుర్తొచ్చాక అరవంలో మళ్లీ చెప్పాడు. ఆ వరస బెలూన్లన్నీ అయిపోయేదాకా కదల్లేదు. ఇంటికి వెళ్తూ ఎదురైన ప్రతి వ్యాపారినీ ఆపి చెప్పాడు.

తిరిగొచ్చే బస్సులో, నేను అంత తడబడుతుంటే ఒక్క చెయ్యి వేయలేదేమని అత్తను అడిగాను.

"నేను చెయ్యి పెట్టుంటే అది నా పని అయిపోయుండును" అంది.

అత్త పోయాక షాపు వెనక గది నాదయింది. ఇప్పుడు పక్కింటి సెల్వి పని నేర్చుకోవడానికి వస్తోంది. ఈ రోజు మొదటిసారి మొత్తం తనే బిగిస్తానంది. ఆమె వేళ్లు తడబడుతుంటే నా చేతులు ఊరుకోలేదు. అందుకే లేచి బయటికి వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి సెల్వి తుపాకి తెచ్చి, సరిగ్గా ఉందో లేదో చూడమని నా చేతికివ్వబోయింది. నేను అందుకోలేదు. ముందు తననే కాల్చమన్నాను.